నందికొట్కూరు దారిలో నా విదేశీ చదువు

ఏడో తరగతిని నేను రెండుసార్లు చదివాను. రెండేళ్లు ఒకే గదిలో ఉన్నా మా ఇద్దరికీ పొసగలేదు. ఎవరో ఒకరు బయటికి పోవాలి కాబట్టి పెద్దమనసు చేసుకుని నేనే పోయాను. అట్లాంటి నేను నలభై దాటాక ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్, అంటే ఆరుబయలును తీర్చిదిద్దే విద్య, చదివాను. అదీ విదేశీ చదువు. కాకపోతే నేను విదేశానికి పోలేదు, విదేశమే నా వ్యాన్ ఎక్కి కర్నూలు వచ్చింది.

వాళ్ల కాలేజీల్లో వేసవి సెలవులకు ఇంకో దేశం పోయి చదివే పద్ధతి ఉందట. ఒక పెద్ద టీచరమ్మ, ఆమె వెంట కొంతమంది విద్యార్థులు వచ్చారు. నీళ్లు తక్కువున్న సీమలో జనం నీడను, వాననీటిని ఎట్లా వాడుకుంటారో చూడాలి, ఊరికి పనికొచ్చేది ఒకటి కట్టి పోవాలి. అందుకు మా జిల్లాను ఎంచుకున్నారు, అందులోనూ మే నెలను. మే నెలలో మా ఊరికి పిలిచిన చుట్టాలే రారు. వీళ్లు టిక్కెట్టు కొనుక్కుని మరీ వచ్చారు.

నేను బండి తోలడానికి కుదిరినవాణ్ణి. మాటలు తర్జుమా చేయడానికి పట్నం నుంచి వచ్చినతను వడదెబ్బ తగిలి వెంటనే వెనక్కి పోయాడు. యాత్రికులకు గండికోట చూపిస్తూ నేర్చుకున్న నా ఇంగ్లీషుకు అట్లా ఉద్యోగం వచ్చింది.

కట్టే పనికి వాళ్లు చూసుకున్న చోటు నందికొట్కూరు దారిలో మా ఊరి బస్సు స్టాపు. స్టాపు అంటే పెద్ద కట్టడమేమీ కాదు. ఒక వేపచెట్టు, దాని కింద మా అక్క నడిపే బొరుగుల ఉగ్గాని, బజ్జీల అంగడి. నాలుగు కర్రల మీద ఒక రేకు, ఒక పొయ్యి, ఒక బల్ల. బావ పోయినాక ఆ పొయ్యి మీదే అక్క ఇద్దరాడపిల్లల్ని పెంచింది. చిన్నది అప్పటికి నర్సింగు చదువుతోంది. ఆ చదువు పూర్తయ్యేదాకా పొయ్యి ఆరకూడదు, అంతే అక్క లెక్క.

వాళ్లు చదివే తీరు చూసి మొదట నవ్వుకున్నాను. పొద్దున్నే వచ్చి చెట్టు కింద కూర్చుంటారు. నీడ అంచు యాడుందో కాగితం మీద గీస్తారు. కాసేపయ్యాక నీడ జరుగుతుంది, మళ్లీ గీస్తారు. ఎవరు వచ్చి ఎక్కడ కూర్చుంటే అక్కడ చుక్క పెడతారు. దీనికోసం సముద్రాలు దాటాలా అనుకున్నాను. విద్యార్థుల్లో పొడుగ్గా, ఎండకు ముఖం టమాటాలాగా కమిలిన ఒక పిల్ల ఉండేది. ఆ పిల్ల నాకూ ఒక కాగితం, పెన్సిలు ఇచ్చింది. వద్దన్నా వినలేదు. నేను గీసిన వేపచెట్టు క్యాబేజీలాగా వచ్చింది. ఆమె నవ్వలేదు. "చెట్టును వదిలెయ్యి, నీడను చూడు" అంది. ఆ పూటంతా నీడను చూశాను. పుట్టినప్పటినుంచి ఆ చెట్టు కిందే ఉన్నవాణ్ణి, దాని నీడ పొద్దున బడివైపు, సాయంత్రం బావివైపు నడుస్తుందని, దాని వెంట మనుషులూ జరుగుతారని ఆ రోజే చూశాను. ఇప్పటికీ బండి ఆపేముందు, మధ్యాహ్నానికి నీడ ఎటు పోతుందో చూసుకుంటాను. సీట్లు కాలడం లేదని ఎక్కినవాళ్లు నన్ను మెచ్చుకుంటారు. ఆ మెప్పు ఆ పిల్లదే.

బండల కోసం కడపవైపు పోయాం. నల్లబండ చూసి టీచరమ్మ మురిసిపోయి మిట్టమధ్యాహ్నం దానిమీద చెయ్యి ఆనించింది, అంతే వేగంగా తీసేసింది. మాతో వచ్చిన బండలు పరిచే మేస్త్రీ భాయ్, "మేడమ్‌కు చెప్పప్పా, ఎండలో పెడితే దీనిమీద కూసోలేరు, ఆమ్లెట్టు ఏసుకోవచ్చు" అన్నాడు. నేను అదే చెప్పాను. ఆమె అరచెయ్యి ఊదుకుంటూనే నవ్వి, రోజంతా నీడ ఉండే చోటే బండలు పరచాలని రాసుకుంది.

చివరికి కట్టబోయేదాని బొమ్మ కాగితం మీద తయారైంది. చెట్టు చుట్టూ బండల అరుగు, రోడ్డు మీది వాననీళ్లు వేళ్లకు దిగేలా ఒక కాలువ. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ కాలువ సరిగ్గా అక్క పొయ్యి మీదుగా పోతోంది. పొగకు కొమ్మలు ఎండుతున్నాయని కూడా వాళ్ల అభిప్రాయం. అందుకని బొమ్మలో అంగడిని రోడ్డుకు అవతల వేశారు. అవతల నీడ లేదు, బస్సు ఆగదు. పొయ్యి అక్కడికి పోతే బజ్జీలు కొనేది గాలే.

ఆ బొమ్మ పట్టుకుని ఊరంతా తిరిగి, ఎట్లా ఉందని అందరినీ అడిగారు. మా వైపు ఒక అలవాటుంది. ఇంటికొచ్చిన మనిషి చేసింది బాగలేదని మొహం మీద అనరు. ఉప్పెక్కువైన పప్పు తిని కూడా "శానా బాగుండాదప్పా" అని లేస్తారు. ఊరంతా బాగుండాదనే అంది. అక్క కూడా బొమ్మలో తన అంగడి యాడ పడిందో వేలుపెట్టి చూసుకుని, "బాగుండాదమ్మా, తినండి" అని తలా రెండు బజ్జీలు పెట్టింది. నేను దాన్ని ఇంగ్లీషులోకి ఇంకాస్త నెయ్యి పోసి వడ్డించాను.

జనం పోయినాక అడిగాను. "ఏమక్కా, అవతలికి పోతే ఎట్లా బతుకుతావు? చెప్పేస్తా వాళ్లకి."

"చెప్పినావంటే నా మీద ఒట్టే. ఆ ఎండలో మొకాలు మాడిపోయి చేస్తాండారు. నా పొయ్యి కోసం వాళ్ల పని చెడగొట్టేదా?"

"మరి చిన్నదాని చదువు?"

ఆమె గిన్నెలు తోముకుంటూ పోయింది. ఒట్టు వేయించుకున్నాక నాకూ చేసేది లేకపోయింది.

కాలువ తవ్వడానికి నేలమీద ముగ్గు పోసే ముందురోజు ఆ పొడుగుపిల్ల తన నీడ కాగితాలు బండి సీటు మీద పరిచింది. ఏ కాగితం చూసినా చుక్కలన్నీ పొయ్యి చుట్టే ఉన్నాయి. మనుషులు నీడ వెంట జరిగారు కానీ పొయ్యిని విడిచి పోలేదు. ఆమె వాటినే చూస్తూ అడిగింది.

"మీ ఊళ్లో ఎవరూ కాదు అనరా?"

"అంటాం."

"ఎవరితో?"

"ఇంట్లోవాళ్లతో."

నేను చెప్పిందంతా అదే. ఆమె కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

మర్నాడు మేస్త్రీ భాయ్ సున్నం తట్ట తెచ్చాడు. నేల మీద గీత పోస్తే దాని ప్రకారం తవ్వాలి. టీచరమ్మతో ఏదో గుసగుసలాడి ఆ పిల్ల తానే పోయడం మొదలుపెట్టింది. కావాలని చేసిందో, చేతకాక చేసిందో, గీత పాము పాకినట్టు పోయింది. తర్వాత తట్ట తీసుకుని నేరుగా అక్క ముందుకు పోయింది. తర్జుమా చేద్దామని నేను ఎదురుపోయాను. ఆమె నావైపు చూడకుండానే చెయ్యెత్తి నన్ను ఆపింది. వంకరగీత చూపించి, తన చేతులు చూపించి, తల అడ్డంగా ఊపి, తట్టను అక్క చేతికిచ్చింది.

వంకరగీత చూసి ఊరకుండే ఆడమనిషి మా ఊళ్లో లేదు. అక్క కొంగు నడుముకు దోపి, పాదంతో పాతగీత తుడిచి, వంగి, వేళ్లసందుల్లోంచి సున్నం వదలడం మొదలుపెట్టింది. గీత రోడ్డు నుంచి తిన్నగా వచ్చింది. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. టీచరమ్మ వైపు ఒకసారి, పొయ్యి వైపు ఒకసారి చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు, అది నాకు ఎంత కష్టమో తెలిసినవాళ్లకే తెలుసు. అక్క మళ్లీ వంగింది. గీత పొయ్యిని వదిలి, చెట్టుకు అవతలివైపు చుట్టి పోయింది. నోటితో అననిది ఆమె నేలమీద పోసింది.

"అరే, దీన్నిబట్టి తవ్వితే నీళ్లు పోతాయా మేడమ్‌ను అడుగప్పా" అన్నాడు భాయ్. టీచరమ్మ గీత వెంట నడిచి, వాలు చూసి, పోతాయంది. పొగ సంగతికి పొయ్యి వెనక ఒక కడప బండ నిలబెట్టి పైన గొట్టం పెడదామంది. తన బొమ్మ మీద అంగడిని కొట్టేసి, ఇవతల గీసింది. అంత చదివిన మనిషి ఊరి ముందర తన గీత తానే కొట్టేసుకోవడం నేను మొదటిసారి చూశాను. ఆ పిల్ల అక్క పక్కన చతికిలబడి బజ్జీ తింటూ, కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. కారానికే అని ఆమె చెప్పింది. నేను నమ్మాను.

అరుగు కట్టి, కాలువ తవ్వి వాళ్లు పోయారు. తొలకరికి కాలువలో నీళ్లు దిగాయి. చిన్నది చదువు పూర్తి చేసి కర్నూలు ఆసుపత్రిలో చేరింది. నాకు ఏ కాలేజీ సర్టిఫికెట్టు ఇవ్వలేదు కానీ, ఆ పిల్లకూ టీచరమ్మకూ నేను పడ్డ రుణం ఏ పట్టా కంటే పెద్దది.

మొన్న అరుగు మీద కాలు మీద కాలేసుకుని అక్కతో అన్నాను. "ఇంక జీవితాంతం నాకు ఉగ్గాని ఊరికే పెట్టాలక్కా. నీ పొయ్యి నిలబెట్టింది నా ఇంగ్లీషే."

అక్క బజ్జీలు తిప్పుతూ తలెత్తకుండా అంది.

"నీ ఇంగ్లీషుతో నా పొయ్యి రోడ్డు దాటబోయినాది. నువ్వు నోరు మూసుకున్న పూటే నిలిచినాది. అట్లే మూసుకోని తిని లెయ్, కూసునేటోళ్లు కాసుకోనుండారు."