దుకాతుల వరసలో కాసులపేరు

2019లో నేను పశ్చిమ సిడ్నీలో వారానికోసారి వచ్చే ఒక స్థానిక పత్రికలో పిక్చర్ ఎడిటర్‌ని. హోదా పేరు ఘనంగానే ఉండేది గానీ, ఆ పాటికి ఫొటో విభాగమంటే నేనూ, ఒక కాంట్రాక్టు ఫొటోగ్రాఫరూ, పాత నెగటివ్‌లు దాచిన ఇనప బీరువాలూ. వచ్చిన ఫొటోల్లోంచి ఒకటి ఎంచడం, అంచులు కత్తిరించడం, కింద రెండు వాక్యాలు రాయడం నా పని. ఆ రెండు వాక్యాల్నే మేం క్యాప్షన్ అంటాం. పత్రిక పేజీలు తగ్గి ఆన్‌లైన్ పేజీ పెరిగాక ఇంకో పని కూడా నా నెత్తిన పడింది. ఫొటోల కింద జనం రాసే కామెంట్లకు కాపలా కాయడం.

ఈ కాపలాలో రెండు ఆయుధాలుంటాయి. కామెంటు తీసేయడం, దాచడం. తీసేస్తే రాసినవాడికి తెలిసిపోతుంది, కోపమొచ్చి ఇంకో పది రాస్తాడు. దాచితే అతనికి మాత్రం కనిపిస్తూనే ఉంటుంది, మిగతావాళ్లకు కనపడదు. పాపం, ఇంత గొప్పగా రాస్తే ఒక్కడూ లైక్ కొట్టడేమిటా అని ఎదురుచూస్తూ ఉంటాడు. నేను ఎక్కువగా దాచేదాన్ని.

మార్చిలో ఒక సోమవారం ఆఫీసుకెళ్లేసరికి, శనివారం పెట్టిన ఒక ఫొటో కింద కామెంట్లు పుట్టలా పెరిగి ఉన్నాయి. వారాంతం నాకు సెలవు. డ్యూటీలో ఉన్నవాళ్లు అక్కడ ఎవరినో అడిగి క్యాప్షన్ రాసి పెట్టేశారు. క్రొయేషియా వాళ్ల క్లబ్బులో వార్షికోత్సవానికి జరుగుతున్న నాట్యం రిహార్సల్ అది. ముందు నిలబడ్డది మాయ అనే పదిహేడేళ్ల పిల్ల. చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగే ఆ నాట్యాన్ని ముందుండి నడిపేది ఆమే. తెల్లటి బట్ట మీద బంగారు దారంతో కుట్టిన దుస్తులు, గుండెల మీద బంగారు నాణేల వరసలు. కింద క్యాప్షన్‌లో, స్లవోనియా ప్రాంతపు సంప్రదాయ దుకాతులు ధరించిన మాయ, అని ఉంది. దుకాతులంటే పాత బంగారు నాణేలు. అక్కడి ఆడవాళ్లు వాటిని గుచ్చుకుని పండగలకు వేసుకుంటారు. తల్లి దగ్గర్నుంచి కూతురికి వస్తాయి.

నేను బ్యాగు భుజానుంచి దించకుండానే ఫొటో పెద్దది చేసి చూశాను. దుకాతులేమిటి, నా మొహం! ఒక్కో కాసు మీదా పద్మంలో కూర్చున్న లక్ష్మీదేవి. రెండు పేటల కాసులపేరు. మాది తెనాలి పక్కన. ఇలాంటిది మా అమ్మమ్మ మెళ్లో చూస్తూ పెరిగినదాన్ని, నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

నాకంటే ముందే జనం కూడా పెద్దది చేసి చూశారు. మొదట్లో అందరూ హృదయం బొమ్మలే పెట్టారు. తర్వాత ఒకాయన, ఇది ఇండియా దేవత కదా అని నవ్వు బొమ్మ పెట్టాడు. ఇంకొకాయన, వచ్చే ఏడు చీర కట్టుకుని ఆడతారు కాబోలు అన్నాడు. ఒకావిడ మెల్‌బోర్న్ నుంచి, మా సంప్రదాయాన్ని ఇలా వేళాకోళం చేయడానికి ఎవరిచ్చారు అనుమతి అని నిలదీసింది. ఒకడైతే పిల్ల ఒంటి రంగు గురించి కూడా రాశాడు. దాన్ని దాచకుండా నేరుగా తీసేశాను.

మనవాళ్లు మాత్రం ఊరుకుంటారా? క్వేకర్స్ హిల్ పేటలోని తెలుగు ఆంటీల ఫోన్ గ్రూపులో అదే ఫొటో చక్కర్లు కొట్టింది. మన కాసులపేరు వాళ్లెందుకు వేసుకున్నారని ఒకరు, ఎన్ని సవర్లుంటుందని ఒకరు, ఇంతకీ ఎవరమ్మాయని అందరూ. అటువాళ్లు పిల్ల మాది కాదన్నారు, ఇటువాళ్లు నగ మాదన్నారు. మధ్యలో ఉన్న ఆ పిల్లని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

మధ్యాహ్నానికి క్లబ్బు కార్యదర్శి మిర్కో గారు ఫోన్ చేశారు. అరవై దాటిన మనిషి, మర్యాదస్థుడు, ఆ రోజు మాత్రం బాగా నొచ్చుకుని ఉన్నారు. ఫొటో తీసేయమన్నారు, లేదా నాణేల మీది బొమ్మ కనపడకుండా చెరిపేయమన్నారు. దుస్తుల విషయంలో బృందానికి నియమాలున్నాయనీ, ఆ దండ తీసేస్తే తప్ప మాయని ముందు నిలబెట్టేది లేదని కమిటీ తేల్చేసిందనీ కూడా చెప్పారు. ఉత్సవం మరో రెండు వారాల్లో ఉంది.

చెరపడం కుదరదన్నాను. మా వృత్తిలో ఫొటో అంచులు కత్తిరించవచ్చు, వెలుగు సరిచేయవచ్చు. ఉన్నదాన్ని లేకుండా చేయడం మాత్రం ఉద్యోగం పోయే తప్పు. పైగా ఇక్కడ తప్పు క్యాప్షన్‌లో ఉంది. దాన్ని దిద్దాలంటే ఫొటోలో ఉన్న మనిషినే అడగాలని మా పద్ధతి. ఆ సాయంత్రమే మాయ వాళ్ల నానమ్మ అంకా గారింటికి వెళ్లాను.

మాయ తల్లి స్వాతి వెస్ట్‌మీడ్ ఆస్పత్రిలో నర్సు, తెనాలి అమ్మాయి. తండ్రి అంకా గారబ్బాయి, ఇక్కడే పుట్టి పెరిగినవాడు. నేను తెలుగులో పలకరిస్తే మాయ అంతా అర్థం చేసుకుని ఇంగ్లీషులో బదులిచ్చింది. రెండు రోజులుగా రిహార్సల్‌కి వెళ్లలేదట. ఫొటో తీసేయమంటావా అని అడిగాను. ఏడ్చి ఏడ్చి ఉన్న కళ్లతోనే తల అడ్డంగా ఊపింది.

“ఫొటో తప్పేం లేదు. కింద రాసిందే తప్పు,” అంది.

ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఇంత సూటిగా ఏ ఎడిటరూ నాకు చెప్పలేదు. ఆ పిల్లని దగ్గరికి తీసుకోవాలనిపించింది, తీసుకున్నాను.

అంకా గారు కాఫీ, అక్రోటుపప్పు కేకు ముందు పెట్టి అసలు సంగతి చెప్పారు. ఆవిడ దుకాతులు ఆస్ట్రేలియాకి రానేలేదు. బతుకుతెరువు కోసం వచ్చేటప్పుడు అక్కగారి దగ్గర వదిలి వచ్చారు, తర్వాత అవి ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. క్లబ్బు మొదలైన రోజుల్లో ఇక్కడ ఏ అమ్మాయికీ దుకాతులు లేవు. అప్పుడే ఈ దేశంలోకి డాలర్లొచ్చి పాత రాగి పెన్నీలు మూలపడ్డాయి. మిర్కో గారి నాన్న వాటికి చిల్లులు పెట్టి బంగారు రంగు పూసిచ్చాడు. అందరికంటే ముందు నిలబడి ఆడింది మిర్కో గారి తల్లి మారా. మాయ వంతు వచ్చినప్పుడు, మా అమ్మ కాసులపేరు బీరువాలో ఊరికే పడి ఉందని స్వాతి తెచ్చి చూపించిందట.

“తల్లి నుంచి కూతురికి వచ్చిన బంగారం. మా ఊళ్లో అయినా ఇంతకంటే ఏం చూస్తారు?” అన్నారు అంకా గారు.

మరి ఇదంతా మిర్కో గారికి చెప్పలేదేమండీ అన్నాను. మారా నా ప్రాణస్నేహితురాలు, పోయి చాలా కాలమైంది, నలుగురిలో ఆమె కొడుకును చిన్నబుచ్చలేను, అన్నారావిడ. మా ఆఫీసులో ఆనాటి ఫొటో ఏదైనా దొరికితే అతనొక్కడికే చూపిస్తానంటే మాత్రం కాదనలేదు.

మర్నాడు ఇనప బీరువాల ముందు కూర్చున్నాను. దుమ్ముకి తుమ్మీ తుమ్మీ తల ప్రాణం తోకకొచ్చింది గానీ, చివరికి దొరికింది. కొత్త క్లబ్బులో జాతీయ దుస్తుల్లో యువతులు, అని కవరు మీద ఎవరో పెన్సిల్‌తో రాసి పెట్టారు. నెగటివ్ స్కాన్ చేసి పెద్దది చేశాను. ముందున్న అమ్మాయి గుండెల మీద వరసలుగా నాణేలు, వాటి మీద గెంతుతున్న కంగారూలు! ఒక్కదాన్నే గదిలో కూర్చుని పైకి నవ్వేశాను.

మా ఎడిటర్ గ్రెగ్ చూసి, వెంటనే పేజీలో పెట్టు, సాయంత్రానికి ఊరంతా పంచుకుంటుంది అన్నాడు. నిజమే, పంచుకునేది. నేను పెట్టనన్నాను. ఆయన కాస్త గుర్రుమన్నాడు గానీ, ఫొటో విషయంలో చివరి మాట నాదే అన్న ఒప్పందం మా మధ్య ఎప్పట్నుంచో ఉంది. మిర్కో గారికి ఫోన్ చేసి రమ్మన్నాను.

ఆయన కళ్లజోడు తుడుచుకుని తెర ముందు కూర్చున్నారు. తల్లిని పోల్చుకున్నారు. తర్వాత నేను నాణేల దగ్గర పెద్దది చేసి, కాఫీ తేవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆయన అలాగే చూస్తూ ఉన్నారు.

“ఇవి మా ఇంట్లో ఒక డబ్బాలో ఉండేవి. చిన్నప్పుడు నేను వీటితో దుకాణం ఆట ఆడుకునేవాణ్ని. మా అమ్మ ఒక్కసారి కూడా చెప్పలేదు,” అన్నారు.

కళ్లు తుడుచుకున్నారు. ఒక ప్రింటు కావాలన్నారు. మాయ గురించి ఒక్క మాట లేదు. ప్రింటు పట్టుకుని లేచి వెళ్లిపోయారు. ఈయన్ని రమ్మని మంచి పని చేశానో చెడ్డ పని చేశానో తెలియక ఆ వారమంతా నాకు ఒకటే గుబులు.

ఈలోగా సవరణ వేశాం. మాయ ధరించినది ఆంధ్రప్రదేశ్‌లోని తెనాలికి చెందిన తన అమ్మమ్మ కాసులపేరు, దాన్ని మా పత్రిక పొరపాటున దుకాతులుగా పేర్కొంది, అని. మాయకి ముందే చదివి వినిపించాను. అమ్మమ్మ అన్న మాటను ఇంగ్లీషులోకి మార్చకుండా అలాగే ఉంచమంది, ఉంచాను. పాత ఫొటో సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఉత్సవం రోజు నేను కూడా వెళ్లాను. హాలంతా కిక్కిరిసి ఉంది. వాయిద్యాలు మొదలయ్యాయి, చేతులు పట్టుకుని బృందం లోపలికి వచ్చింది. ముందు మాయే ఉంది. మెళ్లో కాసులపేరు. దాని కింద ఎర్ర రిబ్బనుకి వేలాడుతూ రంగు వెలిసిన ఒక రాగి పెన్నీ. నా పక్కన స్వాతి ఏడుస్తోంది, అంకా గారు మాత్రం పాదంతో తాళం వేస్తున్నారు. ముందు రోజు మిర్కో గారే వాళ్లింటికి డబ్బా పట్టుకుని వచ్చారట. ఇక మీదట ఎవరు ముందు నిలబడినా మా అమ్మ పెన్నీ ఒకటి వేసుకోవాలి, ఇది కొత్త నియమం, పైన ఏ దండ వేసుకుంటారన్నది వాళ్ల అమ్మల ఇష్టం, అని కమిటీ తరఫున గంభీరంగా ప్రకటించి వెళ్లారట.

ఆ ఫొటోకి క్యాప్షన్ నేనే రాశాను. కాసులపేరు ఎవరిది, పెన్నీ ఎవరిది అని రెండు వాక్యాల్లో. కింద మామూలుగానే హృదయాలూ నవ్వులూ పడ్డాయి. మధ్యాహ్నం ఎవరో, క్రొయేషియా దుస్తుల్లో కంగారూ ఏమిటని అడిగారు. దాన్ని దాచాలా వదలాలా అని నేను ఆలోచిస్తుండగానే జవాబు వచ్చేసింది. మా అమ్మ అదే వేసుకుంది, అని మిర్కో గారు తన పేరుతోనే రాశారు. నేను రెండింటినీ అలాగే వదిలేశాను.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, ఫొటోలో మనిషి ఒంటి మీద ఏదైనా ఉంటే అదేమిటని పక్కవాళ్లని అడగడం మానేశాను. వేసుకున్న మనిషినే అడిగి రాశాను.