ఎడమపక్క పట్టని మందు

ఇన్నేళ్లుగా ఒక మనిషి కేక నా లోపల కుళ్లుతోంది. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

నేను మత్తు డాక్టర్ని. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఎక్కడ ఆపరేషన్ ఉంటే అక్కడికి పోయి మత్తిచ్చి వస్తాను. ఆ రోజు పెనుకొండలో ఒక చిన్న ఆసుపత్రి. రొద్దం వైపు గొర్రెలు మేపుకునే మనిషి, ఓబన్న అనుకుందాం, ఎడమ గజ్జలో హెర్నియాతో వచ్చాడు. బీడీలు కాల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు కాబట్టి పూర్తిగా నిద్రపుచ్చడం ప్రమాదం. వీపులోకి సన్నటి గొట్టం పెట్టి ఎపిడ్యూరల్ ఇస్తే నడుము కింద మొద్దుబారుతుంది, మనిషి మెలకువగానే ఉంటాడు. "ఇదొక్కటీ చాలుతుందా?" అన్నాడు సర్జన్. "నా చేతి మీద నమ్మకం లేదా?" అన్నాను. ఎంత పొగరు!

ఎపిడ్యూరల్ ఒక్కోసారి ఒక పక్కకే పడుతుంది. ఆ రోజు అదే జరిగింది. కుడిపక్క గిచ్చితే ఓబన్నకు తెలియలేదు. ఎడమపక్క గిచ్చితే మొహం చిట్లించాడు. నేను చూశాను. చూసి కూడా "కానివ్వండి" అన్నాను.

కత్తి పెట్టగానే అరిచాడు.

"సార్, కోస్తాండేది తెలుస్తాండాది. నొస్తాండాది సార్!"

"అది నొప్పి కాదప్పా. మందు బాగా పట్టింది. నువ్వు బెదురుకుంటాండావు, అంతే."

"అట్లనా సార్?"

అట్లనా సార్! తన ఒళ్లు కోస్తుంటే, తనకు నొప్పి ఉందో లేదో నన్ను అడిగాడు. ఇంకాస్త మందు వేసి ఆగుదామన్నా, గజ్జలోనే ఒక ఇంజెక్షన్ ఇవ్వమన్నా సరిపోయేది. మరి సర్జన్ ముందు నా గొప్ప ఏమైపోవాలి? నర్సులు ఓబన్న చేతులు అదిమి పట్టుకున్నారు. కుట్లు పూర్తయ్యేదాకా ఆయన పళ్లు బిగించి మూలిగాడు. బయటికొచ్చి ఆయన భార్యతో, బావమరుదులతో "మీవాడు గొర్రెల కంటే బెదురుగొడ్డు" అన్నాను. అందరూ నవ్వారు. స్ట్రెచర్ మీద ఓబన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. నొప్పి పెట్టింది చాలక, పిరికివాడన్న పేరు కూడా అంటగట్టి ఊరికి పంపాను.

పోయిన ఏడాది ధర్మవరంలో మళ్లీ కనబడ్డాడు. భార్యకు కాలు విరిగింది. ఆమెకూ ఎపిడ్యూరలే. తొడ మీద గిచ్చి "తెలుస్తాండాదా?" అని అడిగాను. "లేదు సార్" అంది. కానీ కళ్లు గట్టిగా మూసుకుంది, గుండె దడ మానిటర్ మీద కనబడుతూనే ఉంది. నిజం చెప్పమన్నాను.

"మా ఇంటాయన ముందే చెప్పినాడు సార్. ఆడ నొచ్చినట్ల ఉంటాది గానీ అదంతా ఉత్త బెదురంట. నా మాదిరి అరిచి నవ్వులపాలు కావద్దు అనినాడు."

నా అబద్ధం ఆ ఇంట్లో ఇంతకాలం కాపురం చేసిందన్నమాట.

గొట్టం కాస్త వెనక్కి లాగి, ఇంకొంత మందు వేసి, సర్జన్‌ను ఆగమన్నాను. కాసేపటికే కాలు మొద్దుబారింది. అంతే. ఓబన్నకు చేయనిది ఇంతే.

బయట నిలబడి ఉన్నాడు. "అరిచిందా సార్?"

"లేదప్పా."

"నాకన్నా గట్టిది సార్. నేనే ఉత్త పిరికోన్ని."

చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. పైగా ఆయన భుజం తట్టి నవ్వాను. థూ!

ఆయన ఇది చదవడు, నన్ను క్షమించే అవకాశమూ లేదు. అయినా ఒక్కసారైనా రాయనివ్వండి. ఓబన్నా, ఆ రోజు నీకు నిజంగానే నొచ్చింది. అది నాకు అప్పుడే తెలుసు.