తలుపు లేని ఉత్తర గుమ్మం

నందిగామ నుంచి చందర్లపాడు వైపు లారీ తోలినవాడెవడూ రత్తయ్య ఇల్లు తెలియదని అనడు. మిరపచేల మధ్య నుంచి రోడ్డు తిన్నగా దక్షిణానికి వచ్చి, సరిగ్గా ఆ ఇంటి ముందు గభాలున తూర్పుకు తిరుగుతుంది. తిరిగేముందు ప్రతి డ్రైవరూ హారన్ కొడతాడు, కొడుతూ ఆ ఇంటి గోడలో ఉన్న పెద్ద కంత వంక చూస్తాడు. గుమ్మం అందామంటే దానికి ద్వారబంధం లేదు, తలుపు లేదు. కిటికీ అందామంటే ఎద్దు కూడా నిక్షేపంగా నడిచి లోపలికి పోవచ్చు. వానాకాలంలో దానికో గోనెపట్టా కడతారు, ఎండాకాలంలో అదీ ఉండదు. చేతిలో డబ్బాడక అలా వదిలేశాడేమో అనుకుంటారు ఎరగనివాళ్ళు. అబ్బే, రత్తయ్యకు పదెకరాల నల్లరేగడి ఉంది. లేనిదల్లా ఒక మాట మీద నిలబడే గుణమే.

ఆ గుణం చిన్నప్పటినుంచీ లేదు. ఓసారి ఎడ్లజత కొనుక్కొస్తానని జగ్గయ్యపేట వెళ్ళాడు. ఒకాయన మచ్చల ఎడ్లు కొనమన్నాడు, ఇంకొకాయన మచ్చలుంటే ఇంటికి అరిష్టమన్నాడు, మూడో ఆయన అసలు ఈ ఏడు ఎడ్లే కొనొద్దన్నాడు. ముగ్గురి మాటా కాదనలేక రెండు పలుపుతాళ్ళు కొనుక్కుని ఇంటికొచ్చాడు మహానుభావుడు. పెళ్ళిచూపులకు చెవిటికల్లు వెళ్ళినప్పుడూ అంతే. పిల్ల నచ్చిందా అని అడిగితే తల్లి సీతారావమ్మ మొహం చూశాడు. ఆవిడ తన తమ్ముడి మొహం చూసింది. చివరికి పెళ్ళికూతురు కమలాకుమారే ఖాళీ కాఫీ గ్లాసులు తీసుకెళ్తూ, ముహూర్తం ఎప్పుడు పెట్టిస్తున్నావని వాళ్ళ నాన్నని అడిగింది. అలా జరిగింది ఆ పెళ్ళి.

అప్పటికి ఊళ్ళోకి ఉన్నది బండ్లబాటే. నాలుగు చినుకులు పడితే నల్లమట్టిలో చక్రం ఇరుసుదాకా దిగేది, నందిగామ పోవాలంటే ఒక పూట గడిచిపోయేది. డెబ్బయ్యో దశకంలో ఆ బాటను పెద్దరోడ్డు చేస్తామని, పల్లెలన్నిటికీ నందిగామ నుంచి బస్సులు నడుస్తాయని చెబుతూ హైవే వాళ్ళు కొలత గొలుసులు పట్టుకుని దిగారు. ఎండకు వాడిపోయి ఇంటిముందు కూలబడితే సీతారావమ్మ కుండలో ఉన్న మజ్జిగంతా వాళ్ళకే పోసింది. వాళ్ళు తాగి, మూతులు తుడుచుకుని, ఆ ఇంటి ముందే ఒక కొయ్య పాతి వెళ్ళారు. అది ఎందుకని తల్లీ అడగలేదు, కొడుకూ అడగలేదు.

కంకర పడింది, రోలరు తిరిగింది, తారు పోశారు. మొదటి బస్సు వచ్చిన రోజు సీతారావమ్మ ఇంటిముందు మిరపకాయలు ఎండబోస్తోంది. తలెత్తి చూస్తే బస్సు నేరుగా తన మీదికే వస్తోంది. చేట అక్కడే పడేసి లోపలికి పరుగెత్తి తలుపేసుకుంది. బస్సు మలుపు తిరిగి వెళ్ళిపోయాక కూడా చాలాసేపు తియ్యలేదు. ఆనాటినుంచి పొద్దుపోయాక ఏ లారీ వచ్చినా దాని వెలుతురు తలుపు సందుల్లోంచి దూరి, దేవుడి పటాల మీద పాకి, నిద్రపోతున్నవాళ్ళ మొహాల మీదుగా పోయేది.

ఆ ఏడే కమలాకుమారికి ఏడో నెలలో కడుపు పోయింది. అది రెండోసారి. ముందెవరన్నారో తెలియదు గానీ ఊళ్ళో ఒక మాట పుట్టింది, వీధిపోటు అని. రోడ్డు వచ్చి ఇంటికి తిన్నగా తగిలితే అది ఇంటిని పొడిచినట్టేనని, ఆ ఇంట్లో సంతానం నిలవదని. రత్తయ్యకు అన్నం సయించలేదు. కమలాకుమారి మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని ఒక్క మాట అడిగింది.

"మొదటిసారి పోయినప్పుడు ఈ రోడ్డు లేదుగదండీ. మరి అది దేని పోటు?"

రత్తయ్య వేళ్ళు ముడిచి లెక్క చూశాడు. రోడ్డు లేనప్పుడూ పోయింది, ఉన్నప్పుడూ పోయింది. మరి తప్పు రోడ్డుదా, కాదా? ఆలోచించినకొద్దీ చిక్కుముడి ఇంకా బిగిసింది. భార్యకు ఒక బిడ్డ దక్కాలి, ఆవిడ తనకు దక్కాలి, అంతే అతనికి కావలసింది. దానికోసం ఇల్లు తలకిందులు చెయ్యమన్నా చేసేవాడు. ఎలా తలకిందులు చెయ్యాలో చెప్పే మనిషి కావాలి, అదే చిక్కు.

బడిపంతులు రామబ్రహ్మంగారికి వాస్తు వచ్చు. ఆయన దిక్సూచి తెచ్చి, రోడ్డు మధ్య నిలబడి, ఇంటి ఉత్తర గుమ్మం వంక చాలాసేపు చూశారు. రోడ్డు వచ్చి ఈశాన్యం వైపు తగిలితే శుభమట, వాయవ్యం వైపు తగిలితే కీడట. మరి మనకు ఎటు తగిలింది మేష్టారూ అని రత్తయ్య ఆశగా అడిగాడు. రోడ్డూ ఇల్లూ ఇంచుమించు ఒకే వెడల్పు, రెండు వైపులా తగిలింది. అంటే సగం మంచి, సగం చెడు. రత్తయ్య నమ్మలేక తాడు తెచ్చి తనే కొలిచాడు, సాయంత్రం ఎండ తగ్గాక మళ్ళీ కొలిచాడు. మర్నాడు రోడ్డు మేస్త్రీ దగ్గరికెళ్ళి, రోడ్డును ఒక మూర తూర్పుకు జరపడం కుదురుతుందా అని వాకబు చేశాడు. ఆ మేస్త్రీ నవ్వలేదు పాపం, రోడ్డు కంటే ఇల్లు జరుపుకోవడం సులువన్నాడు. రత్తయ్య దాని గురించి కూడా రెండ్రోజులు ఆలోచించాడు.

ఎందుకైనా మంచిది, ఉత్తర గుమ్మం మూసేసి తూర్పున పెట్టుకోమన్నారు రామబ్రహ్మంగారు. తాపీమేస్త్రీ జ్ఞానయ్య వచ్చి ద్వారబంధం ఊడదీసి తూర్పున బిగించాడు, ఉత్తరాన ఇటుకలతో గోడ కట్టేశాడు. తూర్పున ఏముంది? పక్కింటి గోడకూ వీళ్ళ గోడకూ మధ్య ఓ సందు. ఎదురెదురుగా ఇద్దరు వస్తే ఒకరు వెనక్కి నడవాలి. బస్తాలు ఇంట్లోకి రావడం మానేశాయి, చుట్టాలు కూడా తగ్గారు. అయినా ఏదో నిశ్చింత అనుకుంటుండగా, మేనమామ జగ్గయ్యపేట నుంచి ఒక సిద్ధాంతిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన మూసిన గోడ చూసి తల పట్టుకున్నాడు. ఈశాన్యం నుంచి వచ్చే శుభాన్ని చేతులారా మూసుకున్నారు, వెంటనే తెరవమన్నాడు. తెరిచారు. నెల తిరక్కుండా పాడిగేదె చచ్చిపోయింది. మూశారు. మూసిన వారానికి రత్తయ్యకే జ్వరం తగిలింది. మళ్ళీ తెరిచారు, మళ్ళీ మూశారు.

ఆఖరుసారి మూసేటప్పుడు జ్ఞానయ్య సున్నం కలపలేదు, ఉత్త మట్టితో ఇటుకలు పేర్చేశాడు. అదేంటని రత్తయ్య అడిగితే, ఎటూ మళ్ళీ నాచేతే పడగొట్టిస్తారుగదండీ, సున్నం దండగ అన్నాడు. రత్తయ్యకు కోపం రావలసింది. ఆ మాట నిజమో అబద్ధమో తేల్చుకోలేక ఊరుకున్నాడు.

ఇంతలో కమలాకుమారి మళ్ళీ నెల తప్పింది. ఇక చూడాలి రత్తయ్య అవస్థ. హారన్ వినబడితే ఉలిక్కిపడి భార్య కడుపు వంక చూసేవాడు. ఉత్తరపు గదిలో పడుకుంటే పోటు తగులుతుందని ఆవిడ మంచం దక్షిణపు గదిలోకి మార్చాడు, అక్కడ గాలాడదని మళ్ళీ ఇటే తెచ్చాడు. పుట్టింటికి పంపుదామంటే సీతారావమ్మ వద్దంది. సరే వద్దనుకుంటే రామబ్రహ్మంగారు పంపమన్నారు. పంపాలో వద్దో తేలేలోగా నెలలు నిండిపోయాయి. కమలాకుమారి మాత్రం మూసిన గోడ పక్కన కూర్చుని, వచ్చేపోయే బస్సుల చప్పుడు వింటూ ఉండేది.

నొప్పులు ఒక ముసురురోజు పొద్దున్నే మొదలయ్యాయి. మధ్యాహ్నం దాటాక మంత్రసాని బయటికొచ్చి, బిడ్డ అడ్డం తిరిగిందని, ఇక తన చేతిలో లేదని, మనిషిని కదిలించకుండా మంచం మీదే నందిగామ పెద్దాసుపత్రికి చేర్చమని చెప్పింది. ఇరుగుపొరుగు మగవాళ్ళు వచ్చి మంచం ఎత్తారు. తూర్పు గుమ్మం దాటించబోయారు, సందులోకి మంచం తిరగలేదు. ఒక పక్కకు ఒంచబోతే కమలాకుమారి కేకపెట్టింది. వెనక్కి తెచ్చారు. పెరటివైపు చూస్తే మోకాలిలోతు బురద, ఆ తర్వాత నిండుగా పారుతున్న కాలవ. మంచం తెచ్చి నడింట్లో దించారు. ఇప్పుడేం చేద్దాం రత్తయ్యా అని అందరూ అతని వంకే చూశారు.

నిలబడిపోయాడు రత్తయ్య. ఎదురుగా మట్టితో మూసిన ఉత్తరపు గోడ. దాని అవతల నాలుగడుగుల్లో రోడ్డు. గోడ పడగొడితే ఆ పోటు వచ్చి నేరుగా భార్యకే తగులుతుంది. పడగొట్టకపోతే ఆవిడ ఈ నడింట్లోనే పోతుంది. రామబ్రహ్మంగారిని అడుగుదామంటే ఆయన బడిలో ఉన్నారు. తల్లి మొహం చూశాడు. సీతారావమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. బుర్రంతా హోరు. ఏది మంచో ఏది చెడో, ఏ మాట ఎవరన్నదో, ఒక్కటీ విడిగా వినబడడం లేదు. అడగడానికి మనిషంటూ లేకుండా పోవడం అతని జన్మలో అదే మొదలు. మంచం మీద నుంచి కమలాకుమారి కళ్ళు తెరవకుండానే అంది.

"గునపం కొట్టంలో ఉంది."

రత్తయ్య పరుగెత్తి గునపం తెచ్చాడు.

మొదటి దెబ్బకే ఇటుకలు కదిలాయి. జ్ఞానయ్య పెట్టిన మట్టి ముసురుకు నానిపోయి ఉంది. ఇంకో నాలుగు పోట్లు పొడిచేసరికి పైవరస కూలి, వాన జల్లూ వెలుతురూ కలిసి లోపలికి పడ్డాయి. రత్తయ్య ఏడుస్తూ పొడిచాడు, ఏమిటేమిటో తిట్టుకుంటూ పొడిచాడు, ఎవర్ని తిడుతున్నాడో అతనికే తెలియదు. మనిషి పట్టేంత కంత పడ్డాక తలెత్తి చూస్తే, రోడ్డు మీద తిన్నగా తనకెదురుగా ఒక లారీ వస్తోంది. చెయ్యి ఊపాలా, పక్కకు తప్పుకోవాలా? అతనికి పాలుపోలేదు. ఒళ్ళంతా బురదతో, గునపం రెండుచేతులా పైకెత్తి పట్టుకుని, ఆ కంతలో అలాగే నిలబడిపోయాడు.

లారీ డ్రైవరు పేరు సొలొమోను. కృష్ణ ఒడ్డున ఇసుక ఎత్తుకోవడానికి ఖాళీగా పోతున్నాడు. మలుపు దగ్గర అలవాటుగా హారన్ కొట్టబోతే, ఎదురుగా ఎవడో మనిషి సొంత ఇంటి గోడ కూలదోసుకుని గునపంతో నిలబడి ఉన్నాడు. పిచ్చివాడేమోనని బ్రేకు వేశాడట. దిగి దగ్గరికి వచ్చాక ఆ మనిషి వెనక మంచం, మంచం మీద ఆవిడ కనబడ్డారు. ఇంకేమీ అడగలేదు. లారీ వెనక్కి తిప్పాడు. అందరూ కలిసి మిగిలిన ఇటుకలు చేతులతో లాగేసి, మంచాన్ని తిన్నగా బయటికి తెచ్చి లారీలో పెట్టారు, పైన పట్టా కప్పారు. రత్తయ్య మంచంకోడు పట్టుకుని కూర్చున్నాడు. రోడ్డు తిన్నగా ఉండడంతో గోడలో కంతపడిన అతని ఇల్లు చాలాదూరం దాకా కనబడుతూనే ఉంది.

సాయంత్రానికి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఇంకో గంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదంది డాక్టరమ్మ. సొలొమోను అప్పటిదాకా వెళ్ళకుండా ఆసుపత్రి బయటే ఉన్నాడు. రత్తయ్య వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నాదేముందండి," అన్నాడు సొలొమోను మొహమాటంగా. "మీ ఇల్లు రోడ్డుకెదురుగా ఉండబట్టి కనబడ్డారు. పక్కనెక్కడో ఉంటే చూసుకోకుండా పోయేవాణ్ణి."

రత్తయ్య ఏడుపు టక్కున ఆగిపోయింది. అయితే ఆ పోటే కాపాడిందా? కానీ పోటుకు భయపడి గుమ్మం మూయకపోతే మంత్రసాని చెప్పగానే బయటపడేవాళ్ళం గదా? గుమ్మం ఉంటే గోడ పడగొట్టే పని ఉండేది కాదు, పడగొట్టకపోతే ఈ మనిషి ఆగేవాడా? తెల్లవార్లూ ఆసుపత్రి అరుగు మీద కూర్చుని ఇదే ఆలోచించాడు. మర్నాడు రామబ్రహ్మంగారు చూడవచ్చి, ఈశాన్యం తెరుచుకుంది కాబట్టే గండం గడిచిందన్నారు. సీతారావమ్మ, వేదాద్రి నరసింహస్వామికి మొక్కుకోబట్టే అంది. నేను సున్నం వెయ్యకుండా మట్టి పెట్టబట్టేనండీ అన్నాడు జ్ఞానయ్య, కాస్త గర్వంగానే. రత్తయ్యకు అందరి మాటా నిజమేననిపించింది.

తల్లీబిడ్డా ఇల్లు చేరాక జ్ఞానయ్యకు కబురు పెట్టాడు. పెట్టాడే గానీ, అతను వచ్చాక ఏం చెప్పాలో తెలియలేదు. గోడ కట్టించాలా, తలుపు పెట్టించాలా? కాసేపు కంతకు లోపల నిలబడి చూశాడు, కాసేపు బయట రోడ్డుమీద నిలబడి చూశాడు. జ్ఞానయ్య తాపీ పట్టుకుని ఓపిగ్గా కూర్చున్నాడు. అంతలో చందర్లపాడు బస్సు హారన్ కొట్టి మలుపు తిరిగింది. కమలాకుమారి ఆ కంతలోనే పీట వేసుకుని, పిల్లను కాళ్ళమీద పడుకోబెట్టుకుని, బస్సు పోయేదాకా చూసింది.

"దీనికి తలుపు పెట్టించమాకండి," అంది. "తలుపంటూ ఉంటే ఎవరో ఒకరు ఏదో ఒకటంటారు, మీరు మళ్ళీ మూస్తారు."

రత్తయ్య అలవాటుకొద్దీ తల్లి మొహం చూడబోయి, మధ్యలో ఆగి, కూతురి మొహం చూశాడు. జ్ఞానయ్య తాపీ తీసి సంచిలో పెట్టేసుకున్నాడు.