రమణబాబు దాటలేని పాఠం

మెట్టుగూడలో రమణబాబుని ఎరగనివాళ్ళు లేరు. రైల్వేలో గుమాస్తా, అనకాపల్లి మనిషి, ఎవరెదురైనా తనే పక్కకి తప్పుకునే రకం. భార్య లోవలక్ష్మి జ్వరమని పడుకుని మళ్ళీ లేవలేదు. మనసు కుదుటపడుతుందని ఎవరో చెబితే, మా వీధిలో రామభద్రరావు గారి వేదాంతం క్లాసులో చేరాడు.

నేనూ వెళ్ళేదాన్ని. అబద్ధమెందుకు, సగం కామేశ్వరమ్మ గారి కాఫీ కోసమే. గురువుగారి భార్య ఆవిడ. పాఠం అవగానే అందరికీ గ్లాసులు తెచ్చేవారు.

మొదట్లో ముందుగది నిండిపోయేది. తరవాత పక్క వాటాలో కంప్యూటర్ కోచింగ్ వెలిసింది. ఊరంతా సాఫ్ట్‌వేర్ పిచ్చి పట్టిన రోజులు. మా కుర్రాళ్ళంతా అటు ఫిరాయించారు. కోచింగ్ ఆయన రమణబాబు కనబడితే ఊరుకునేవాడు కాదు.

"ఏంది సార్, ఇంకా గా క్లాసుకే పోతున్నరా? జెర మా దిక్కు రండ్రి, జావా నేర్పిస్త. జాబన్న వస్తది."

జాబు రమణబాబుకి ఉంది. లేనిది నిద్ర.

ఆత్మకు చావు లేదు, పోయినవాళ్ళ కోసం ఏడవడం అజ్ఞానం అన్న చోటికి పాఠం వచ్చిందంటే చాలు, అతనికి తలనొప్పి వచ్చేది. లేకపోతే ఆఫీసులో పని. గురువుగారు పట్టిన పట్టు విడవని మనిషి, అతని కోసం మళ్ళీ వెనక్కి తిప్పి అక్కడే మొదలెట్టేవారు. ఇతను మళ్ళీ లేచిపోయేవాడు. నాకు ఒళ్ళు మండి ఒకరోజు గుమ్మంలోనే నిలబెట్టి అడిగేశాను.

"ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చు కదండీ? ఎందుకీ దాగుడుమూతలు?"

"మానేస్తే ఇంట్లో గోడలు చూస్తా కూకోవాలండి. వస్తే ఆ మాట వినాల. అది నమ్మీసేననుకోండి, రేపట్నుంచి మా లోవకోసం ఏడవకూడదు కదా. ఏడుపొక్కటే మిగిలిందండి నాకు. అదీ ఇచ్చీమంటే ఏటి చేత్తాను?"

నేను గుమ్మంలోంచి పక్కకి తప్పుకున్నాను.

ఆ వానాకాలంలో కామేశ్వరమ్మ గారు పోయారు. వంటింట్లో కూలబడ్డారు, అంతే. పెద్దకర్మ అయిన మర్నాడే గురువుగారు క్లాసు పెట్టారు. వెళ్ళింది మేమిద్దరమే. పుస్తకం తెరిచారు, సరిగ్గా ఆగిన చోటే, ఆత్మకు చావు లేదన్న దగ్గరే. ఇన్నేళ్ళూ చూడకుండా అప్పజెప్పిన శ్లోకం. మొదటి మాట దాటలేకపోయారు. మళ్ళీ మొదలెట్టారు. పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు.

నాకు పారిపోవాలనిపించింది. రమణబాబు ఎలాగూ లేస్తాడనుకున్నాను. లేచాడు కూడా, కానీ గుమ్మం వైపు వెళ్ళలేదు. గురువుగారి పక్కన కూర్చుని పుస్తకం తనవైపు తిప్పుకున్నాడు.

ఒత్తులు తప్పుతూ, ముక్కు ఎగబీలుస్తూ, శ్లోకమూ తాత్పర్యమూ చివరిదాకా చదివాడు. ఏమీ ఊరట కలగలేదు. ఆ మాటలు ఇంత నిర్దయగా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది.

అయిపోయాక ముగ్గురం అలవాటుగా కాసేపు కూర్చున్నాం. కాఫీ రాదని ముగ్గురికీ తెలుసు.

"అర్థమైందా రమణబాబూ?" అన్నారు గురువుగారు, ఎప్పుడూ అడిగినట్టే.

"లేదండి."

"నాకూ లేదయ్యా," అన్నారాయన కళ్ళజోడు తీసి. "రేపూ నువ్వే చదువు."