ఘాటీ ఎక్కితేనే సంతకం

రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి వేసవిలో బస్తరు సంస్థానం నన్ను జగదల్‌పూర్ మోటారు ఖానాకు సూపర్‌వైజరుగా నియమించింది. బళ్ల మరమ్మతు, డ్రైవర్ల హాజరు, పెట్రోలు డబ్బాల నిల్వ నా బాధ్యతలు. నాకు అప్పగించిన మొదటి పెద్ద పని, దివాను గారికి కారు కొనడం. కొత్తది కాదు, ఎవరో జమీందారు వాడి వదిలిన ఖరీదైన సెలూన్ కారు. అది రాయపూరులో ఒక ఏజెంటు దగ్గర ఉంది.

ఏజెంటు మాట తియ్యన, షరతు చేదు. రాయపూరు పొలిమేర దాటాక బండికి ఏమైనా తనకు పూచీ లేదట. బస్తరుకు మెకానిక్కును పంపడట. ఇది అమ్మకమా, వదిలించుకోవడమా అని నేను అడిగితే కచేరీలో అందరూ నన్ను పేచీకోరు అన్నారు. దివాను గారు మాత్రం సూటిగా చెప్పారు: "నువ్వు సంతకం పెడితే కొంటాం. దారిలో ఆగిందంటే ఆ బండితో పాటు నువ్వూ వెళ్లాలి."

రాయపూరులో ఏజెంటు బోనెట్ మీద రూపాయి బిళ్లను అంచు మీద నిలబెట్టి ఇంజను నడిపించాడు. బిళ్ల కదల్లేదు. చూడవచ్చినవారు చప్పట్లు కొట్టారు. నాకు మండిపోయింది. సంతలో ఎద్దును కొనేవాడు సైతం కాడి కట్టి చూస్తాడు. నాకు నిలబడ్డ బండిని చూపి సంతకం అడుగుతాడా?

అక్కడే కాగితం మీద నా షరతు రాశాను. మా ప్రయాణాల్లో ఉండే బరువంతా, అంటే మనుషులు, పరుపుచుట్టలు, పెట్రోలు డబ్బాలు వేసుకుని, బండి జగదల్‌పూర్ దారిలోని కేస్కాల్ ఘాటీని, ఆ మలుపుల కొండదారిని, ఆగకుండా ఎక్కాలి. పెట్రోలు ఏజెంటుదే, వెనక సీట్లో కూర్చునేదీ ఏజెంటే. ఎక్కకపోతే లోపాన్ని సొంత ఖర్చుతో సరిచేసి, అతని షెడ్డులో పాడుపడి ఉన్న అదే రకం రెండో బండిని విడిభాగాల కోసం మాకు ఊరికే ఇవ్వాలి. రూపాయి నిలబడిన ధీమాతో అతను నవ్వుతూ చేవ్రాలు చేశాడు.

ఘాటీ మూడో మలుపులో బండి దగ్గింది, ఆగింది. పెట్రోలులో కల్తీ అని ఏజెంటు మొదలుపెట్టాడు. డబ్బాలు తనవేనని గుర్తొచ్చి డ్రైవరు మీద పడ్డాడు. మా డ్రైవరు ముత్తయ్యది బస్తరు దక్షిణాన తెలుగు మాట్లాడే కుంట వైపు. స్టీరింగు వదలకుండానే వెనక్కి తిరిగాడు.

"ఏంది సేఠూ, మీ ఊర్ల గుర్రం లెక్క ఉరికింది గద. మా ఘాటీ సూడంగనే దప్పికయితాందా?"

దప్పికే. ఆ రకం బళ్లలో పెట్రోలును వెనక టంకీ నుంచి ఇంజను పీల్పే పైకి లాగి, బోనెట్ కింది చిన్న పాత్రలో నింపుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే ఆ పీల్పు తగ్గుతుంది. పాత్ర అతుకులు గట్టిగా ఉంటే ఉన్న పెట్రోలుతో కొండ గడుస్తుంది. అతుకులు వదిలితే అది నిండనే నిండదు. చదునైన రోడ్డు మీద ఈ లోపం ఎన్నటికీ బయటపడదు. పాత్ర మూత విప్పి ఏజెంటుకు చూపించాను. అడుగున తడి మాత్రం ఉంది. అతను పరుపుచుట్ట మీద కూర్చుని, నా కాగితం మరోసారి చూపమన్నాడు.

కొత్త పాత్ర బిగించాక బండి అదే బరువుతో ఘాటీని ఏకబిగిన ఎక్కింది. ఏజెంటు ఈసారీ వెనక సీట్లోనే ఉన్నాడు. పైకి చేరాక సంతకం పెట్టాను. నెల తిరక్కుండా రెండో బండి లారీ మీద వచ్చింది. దాన్ని విప్పి, ప్రతి భాగానికీ చీటీ కట్టి అరల్లో పెట్టించాను. నేను ఆ పదవిలో ఉన్నంతకాలం దివాను గారి కారు ఒక్కసారీ మరమ్మతుకు రాయపూరు వెళ్లలేదు.

యుద్ధం వచ్చి విదేశీ సరుకు ఆగిపోయాక, ఒకరోజు ఏజెంటే జగదల్‌పూర్ వచ్చాడు. ఎవరో ఖాతాదారుకు వెనక ఇరుసు కావాలట; మా అరల్లో తప్ప ఎక్కడా లేదట. ఇచ్చాను. జగదల్‌పూర్ పొలిమేర దాటాక దానికి మా పూచీ లేదని రసీదు మీద రాయించుకున్నాకే ఇచ్చాను.

పాత బండిని అమ్మేవాడి రోడ్డు మీద కాదు, కొనేవాడి రోడ్డు మీద పరీక్షించాలి. విడిభాగాలు సంతకానికి ముందే అడగాలి. తర్వాత అడిగితే అది విన్నపమవుతుంది.