మిషన్‌కు ఎరుక లేని మా అవ్వ

పాత ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల్లో నాకు మారుపేరుతో వచ్చే మోసగాళ్ల కథలంటే పిచ్చి. ఎవడో దొంగ వారసుడు పెట్టె పట్టుకుని బంగళాలో దిగుతాడు, ఇల్లంతా నమ్మేస్తుంది. ఈ రోజు పొద్దున పాలకుర్తి రేషన్ షాపు లైనులో అలాంటిదే చదువుతూ నిలబడ్డాను. ఇంతలో డెబ్బై ఏళ్లు దాటిన మా అవ్వ వంతు వచ్చింది. పత్తి ఏరి ఏరి అరిగిపోయిన ఆమె వేళ్లలో ఒక్కదాన్నీ వేలిముద్రల మిషన్ ఒప్పుకోలేదు.

"నువ్వు కాదంటాంది అవ్వా," అన్నాడు డీలర్.

"నేను గాకపోతె ఎవల్రా? నువ్వు పుట్టినప్పుడు కాళ్ల మీద పండవెట్టి నీళ్లు పోసింది ఎవలు?"

"నాకెరికే అవ్వా. మిషిన్‌కు ఎరిక లేదు గదా. రేపు మల్ల రా."

లైనులో అందరూ ఆమె ఎవరో చెప్పారు. ఎవరి మాటా చెల్లలేదు. ఖాళీ సంచి చంకలో పెట్టుకుని, దారంతా వేళ్లను కొంగుకు తుడుచుకుంటూనే వచ్చింది అవ్వ.

ఒళ్లు మండిపోయి, ఇంటికొచ్చి నవల తెరిచాను. దొంగ వారసుడు దర్జాగా భోజనానికి కూర్చున్నాడు, బంగళా వాళ్లు కొసరి కొసరి వడ్డిస్తున్నారు. మూసేశాను.

మీరు మీరేనని మీ ఊళ్లో ఎలా నమ్మిస్తున్నారో జర చెప్పండి. రేపు మళ్లీ పోవాలి.