తొమ్మిది బల్లల మనిషి

మా అన్న కూతురికి సూరత్‌లోనే ఒక బార్బెక్యూ హోటల్లో ఉద్యోగం వచ్చింది. బల్లల దగ్గర నిప్పులూ చువ్వలూ చూసుకునే పని. చేరుతుందో లేదో సోమవారం చెప్పాలి. అన్న ససేమిరా ఒప్పుకోలేదు. "డిగ్రీ చదివి మంది ఎంగిలి పళ్ళాలు తీస్తదా?" అని ఒకటే మాట.

"ఒక్కసారి చూసి, అప్పుడు వద్దను బాపూ" అని పిల్ల పట్టుబట్టి, ఆదివారం మధ్యాహ్నం మా ఇద్దర్నీ మేముండే పర్వత్ పాటియా నుంచి ఆటోలో తీసుకెళ్ళింది.

లోపల చల్లగా ఉంది. ఇస్త్రీ చేసిన గుడ్డ రుమాళ్ళు, బరువైన గ్లాసులు. బల్ల నడుమ గుంతలోకి బొగ్గుల పెట్టె దించి, దాని మీద ఐదు చువ్వలు పెట్టారు. పొగను నెత్తిమీది గొట్టం లాగేసుకుంటోంది. కారం, చక్కెర పట్టించిన అనాస ముక్క అంచులు నల్లబడి, కొరికితే వేడి రసం వచ్చింది. నేను మూడు తిన్నాను.

అన్న ముప్పై ఏళ్ళుగా సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పనిచేస్తున్నాడు. ఒక్కడే పన్నెండు చూసుకుంటాడు. ఆ చప్పుడుకు చెవులు మందగించాయి.

"రొయ్యలు మంచిగున్నయ్ తమ్మీ!" అన్నాడు. పక్కబల్ల వాళ్ళు తిరిగి చూశారు.

"జర మెల్లగ బాపూ, ఇది కార్ఖానా కాదు" అని పిల్ల నవ్వింది.

నాకు కనిపించినదల్లా లెక్కపెట్టే అలవాటు. మాకు వడ్డిస్తున్నతనికి నలభై ఏళ్ళుంటాయి. అతని చేతికింద తొమ్మిది బల్లలు, బల్లకు ఐదు చువ్వలు. నలభై ఐదు. రొయ్య తొందరగా కాలుతుంది, కోడి నిదానం. అయినా ఒక్క ముక్క మాడలేదు, ఒక్కటీ పచ్చిగా రాలేదు. అతను పరుగెత్తింది కూడా లేదు. ఎలా కుదురుతోందో నా లెక్కకు అందలేదు.

అన్న తినడం ఆపి అతన్నే చూస్తున్నాడు.

"తమ్మీ, గాయన నిప్పుల దిక్కు చూస్తలేడు. దూరంకెళ్ళి పొగ చూస్తుండు. తెల్లగ లేవంగనే పోతుండు. కండెల దారం అయిపోకముందే మనం సాంచ కాడికి పోతం జూడు, గట్ల."

చూస్తే నిజమే.

అతను మా బల్ల దగ్గరికి రాగానే అన్న హిందీలో అడిగాడు. "కొత్తల ఎన్ని బల్లలిచ్చిండ్రు నీకు?"

"రెండు, కాకా. ఐదయ్యేసరికి ఏడాది పట్టింది."

"చేతులు కాలినయా?"

"మొదటి నెలంతా" అని నవ్వి, చువ్వలు తిప్పి వెళ్ళిపోయాడు.

అన్న రుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు. కూతురి వైపు తిరిగాడు.

"మొదట్ల రెండే తీస్కో బిడ్డా. నాలుగిస్తమంటరు, ఒప్పుకోకు. రెండిట్ల చెయ్యి కుదిరినంకనే మూడోది అడుగు."

"అంటే పోవచ్చా బాపూ?"

"మరి గింతసేపు ఏం చెప్తున్న?"